గండిపేట ఒడ్డున పగిలిన గుమ్మడికాయ

నా చిన్నప్పుడు నాకు రక్తమంటే భయం ఉండేది కాదు. మా ఇంట్లో అది బకెట్లో ఉండేది మరి. మా తాతయ్య సినిమాల్లో బాంబులు పేల్చేవాడు. హీరోకు తూటా తగిలినట్టు కనబడేందుకు చొక్కా లోపల ఎర్రరంగు సంచులు కట్టేవాడు. ఫిల్మ్ నగర్ బస్తీలో మా ఇంటి వెనక ఆ రంగు కలిపేది నేనే. జూబ్లీహిల్స్ అప్పటికింకా సగం బండరాళ్లే. ఆ బండల మధ్య రోజూ ఎవరో ఒకరు చచ్చిపోయేవారు, సాయంత్రానికి లేచి చాయ్ తాగి ఇంటికి పోయేవారు. చావంటే అంతేననుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, తాతయ్య నన్ను గండిపేట చెరువు దగ్గర షూటింగ్‌కు తీసుకెళ్లాడు. నగరానికి మంచినీళ్లిచ్చే చెరువది. నీళ్లు బాగా వెనక్కి పోయి ఒడ్డంతా గులకరాళ్లు తేలాయి. అక్కడ ఆఖరి ఫైటు, రెండు పేలుళ్లు. తాతయ్య పొద్దున్నే రెండు గుంతలు తవ్వి మందు పాతాడు. రెండో గుంత తవ్వుతుంటే రెండు తీతువు పిట్టలు నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. తీతువు కూస్తే అపశకునమని తాతయ్య రాయి విసిరి తోలాడు.

నీటి అంచున మొదటిది పేలింది. నేల అదిరింది. నేను ఎగిరెగిరి చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పొగ తొలగేసరికి చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. యూనిట్ వాళ్లు కేరింతలు కొడుతూ తువ్వాళ్లలో మూటగట్టుకున్నారు. నా కాళ్ల దగ్గర ఒక తీతువు పడి ఉంది. దానికి ఒక రెక్క లేదు. చేతిలోకి తీసుకుంటే ముక్కు రెండుసార్లు తెరిచి, నా అరచేతిలోనే ఆగిపోయింది. ఆ రక్తం వెచ్చగా ఉంది. నేను కలిపేది ఎప్పుడూ వెచ్చగా ఉండదు. పిచ్చిదాన్ని, సాయంత్రానికి లేస్తుందేమోనని దాన్ని నీడలో పెట్టాను.

రెండో పిట్ట మాత్రం రెండో గుంత దగ్గరే అరుస్తూ తిరుగుతోంది. తాతయ్య వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. గుంతకు జానెడు దూరంలో, రాళ్లలో కలిసిపోయి, నాలుగు గుడ్లు ఉన్నాయి. అచ్చం రాళ్లలాగే ఉన్నాయి.

“సార్, జర ఒక్క గంట ఇయ్యండి. గుంత అవతల తవ్వుత,” అని ప్రొడక్షన్ మేనేజర్‌ను బతిమాలాడు.

“ఏంటయ్యా, పిట్ట గుడ్ల కోసం హీరోగారిని ఎండలో నిలబెడతావా?” అంటూ ఆయన తాతయ్య చెంప పగలగొట్టాడు. వైర్లు అప్పటికే కలిపి ఉన్నాయి. తాతయ్య కాదంటే ఇంకొకడు మీట నొక్కుతాడు.

సినిమావాళ్లు షూటింగ్ కొబ్బరికాయతో మొదలుపెట్టి, అంతా అయ్యాక గుమ్మడికాయ కొడతారు. ఆ కాయ పగిలాక ఆ సినిమాకు ఇంకొక్క షాట్ తీసినా కీడని వాళ్ల నమ్మకం. ఆ రోజు ఆఖరి రోజు కాబట్టి, కుంకుమ పెట్టిన గుమ్మడికాయ కెమెరా పక్కనే సిద్ధంగా ఉంది. తాతయ్య నేరుగా అక్కడికి నడిచి, దాన్ని రెండు చేతులా ఎత్తి బండకేసి కొట్టాడు.

హీరో పగిలిన కాయ వంక చూసి, దండం పెట్టుకుని, కారెక్కి వెళ్లిపోయాడు. అప్పుడు పడ్డారు ఫైటర్లు తాతయ్య మీద, మేనేజర్ ఉసిగొల్పితే. మా ఇంట్లో అన్నం తిన్నవాళ్లే వాళ్లు. సినిమాలో దెబ్బకు పెద్ద చప్పుడు ఉంటుంది. నిజం దెబ్బకు తడిబట్ట నేల మీద పడినంత చప్పుడే. రెండు పళ్లు ఊడాయి, వేలు విరిగింది, నుదురు చీలింది. నేను అడ్డుపడితే నన్నూ ఈడ్చి పారేశారు. ఆ తర్వాత ఏ కంపెనీ ఆయన్ను పిలవలేదు. రహమత్ నగర్‌లో సైకిళ్లకు పంక్చర్లు వేసి బతికాడు.

రెండు వారాలకు, తలకు కట్టుతోనే, నన్ను బస్సులో మళ్లీ గండిపేట తీసుకెళ్లాడు. గుడ్లు లేవు. కుక్కలు తిన్నాయేమోనని నాకు ఏడుపొచ్చింది. ఇంతలో పైనుంచి తీతువు అరుస్తూ వచ్చి తాతయ్య కట్టు మీద రెక్కతో కొట్టింది. మళ్లీ తిరిగి వచ్చి కొట్టింది. అప్పుడు రాళ్లలో ఒక రాయి కదిలింది. దాని వెనకే ఇంకొకటి. సన్నటి కాళ్ల మీద రెండు పిల్లలు పరుగెత్తాయి.

నాకు పిల్లలకన్నా తాతయ్య కట్టు మీద తేలిన రక్తమే కనబడింది. ఇంత చేసిన మనిషినే కొడుతుందా అని ఒళ్లుమండి రాయి తీశాను. తాతయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

“కొట్టనియ్యి బిడ్డా. మొదటి దెబ్బ నాదే,” అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదలు.

ఇప్పుడు నాకే మనవలున్నారు. గండిపేట ఒడ్డున పెళ్లి ఫొటోల వాళ్లు డ్రోన్లు ఎగరేస్తే తీతువులు వాటి మీదికి దూకుతాయి. వాళ్లు రాళ్లు తీస్తారు, నేను వాళ్లతో పోట్లాటకు దిగుతాను. నాకు కోపమెక్కువ, ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఎవరైనా నా మీదికి విరుచుకుపడితే, ఎత్తిన నా చేతిని ఆ విరిగిన వేలి చెయ్యి ఇప్పటికీ పట్టుకుని ఆపుతుంది. మొదటి దెబ్బ ఎవరిదో చూసుకున్నాకే వదులుతుంది. చాలాసార్లు అది నాదే.