బందరు నుంచి హంసలదీవికి, ట్రైలరు మీద పెద్ద బోటుతో

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. మా వదిన నాగమణీ నేనూ కోడూరులో చిన్న ఐసు ఫ్యాక్టరీ నడిపేవాళ్ళం. హంసలదీవి చుట్టుపక్కల పల్లెల నుంచి చేపలూ రొయ్యలూ మోసుకొచ్చే పెద్ద బోటు అప్పట్లో ఒకే ఒక్క వ్యాపారికి ఉండేది. అతను చెప్పిందే ధర, అతను వచ్చిందే వేళ. ఓ వేసవిలో ఆ బోటు రాక, గంపలకు గంపల రొయ్యలు గట్టు మీదే చెడిపోయాయి. పట్టినవాళ్ళే వాటిని మళ్ళీ నీళ్ళలో పారబోయడం కళ్ళారా చూశాం. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే వదిన అంది, "మనమే ఒక బోటు కొందాం, సత్యా."

బందరు రేవులో పాత ఫైబరు ఇంజను బోటు దొరికింది. ముప్పై అడుగులకు పైనే పొడవు, బాడీ గట్టిదే కానీ గేరుబాక్సు పోయింది. దాన్ని విప్పి బాగుచేయడానికి ఇచ్చాం. ఈలోగా రేవులో చోటు ఖాళీ చేయమన్నారు. సముద్రం మీద ఇంకో బోటుతో లాగించుకుందామంటే, ఆ పని చేయగలిగింది ఆ వ్యాపారి బోటే. అతని గుమాస్తా మా ఫ్యాక్టరీకే వచ్చి నవ్వాడు. "అక్కడే ముక్కలు కోయించి అమ్మేసుకోండమ్మా. రోడ్డు మీద రాదు. వచ్చినా పులిగడ్డ వంతెన దాటదు." "దాటిస్తాం, చూడ్డానికి రండి," అంది వదిన.

మర్నాడు పొద్దున్నే బందరు వెళ్ళి, అక్కడి నుంచి పెడన మీదుగా గుడివాడ బస్సెక్కాం. గంటన్నర లోపే చేరిపోతాం. ధాన్యం మిల్లులూ వరికోత మిషన్లూ ఉన్న ఊరు కాబట్టి బరువులు లాగే బళ్ళు అక్కడే దొరుకుతాయి. లారీ ఆఫీసులో బ్రోకరు మాకు మొదట ట్రాక్టరు అంటగట్టబోయాడు. కిరాయి చవకే. కానీ వెనక ట్రక్కుకి బ్రేకులు లేవు. బోటు దాదాపు నాలుగు టన్నులు, వంతెన దిగేటప్పుడు ట్రాక్టరునే ముందుకు నెట్టేస్తుంది. వద్దన్నాను. అదీ చవకేనంటూ, బోటును పెద్ద లారీ మీదకే ఎక్కించేద్దామన్నాడు. అప్పుడు కరెంటు తీగలు తగులుతాయి. అదీ వద్దన్నాను. అతనికి విసుగొచ్చింది.

"ఇంట్లో మగవాళ్ళని పంపండమ్మా, వాళ్ళతో మాట్లాడతాను."

"బోటు కొన్నది మేమండీ. మాట్లాడితే మాతో మాట్లాడండి, లేదంటే పక్క ఆఫీసుకి వెళ్తాం."

పక్క ఆఫీసుకే వెళ్ళాం. కోత మిషన్లు మోసే ట్రైలరు అక్కడ కనిపించింది. నేలకి దగ్గరగా ఉంది, రెండు ఇరుసులు, చక్రాలకి సొంతంగా గాలి బ్రేకులు. దాన్ని లాగడానికి ఆరు టైర్ల పొట్టి లారీ అడిగాను. పొడుగు లారీ అయితే కోడూరు దాటాక మలుపుల్లో తిరగదు. డ్రైవరు మస్తాన్ గారు ఖాళీ ట్రైలరుతో ఊరి బయట గట్టిగా బ్రేకు కొట్టి చూపించాక బేరం కుదిరింది. ట్రాక్టరు కిరాయికి రెట్టింపు పైనే అయింది.

తెల్లవారాక బందరులో క్రేనుతో బోటు ఎక్కించాం. అడుగున చెక్క దిమ్మలు, వాటి మీద పాత టైరు ముక్కలు పరిచాం. బరువు కాస్త ముందుకు ఉండేలా జరిపించాం. వెనక్కి మొగ్గితే దారంతా ట్రైలరు తోక ఊపుతుంది. మస్తాన్ గారి పక్కన నేనూ వదినా కూర్చున్నాం. చల్లపల్లిలో ఇడ్లీ తిన్నాం. హోటల్లో దోసెలు వేస్తున్న పెద్దాయన గరిటె పట్టుకునే బయటికొచ్చి, "ఇదెక్కడికమ్మా?" అన్నాడు. హంసలదీవి అంటే తల అడ్డంగా ఊపి, డబ్బులు మాత్రం తీసుకోలేదు.

మోపిదేవి దాటి పులిగడ్డ చేరాం. వంతెన ఇరుకు. ముందురోజు బందరు వెళ్తూ ఇక్కడ దిగి టేపుతో కొలుచుకున్నాను కాబట్టి నాకు భయం లేదు. సగానికి వచ్చేసరికి అవతలి నుంచి ఒక జీపు ఎదురొచ్చి ఆగింది. దాని వెనక పాసింజరు బస్సు. జీపులోంచి తెల్ల బట్టల మనిషి దిగాడు.

"లారీ వెనక్కి తీయించమ్మా. అర్జంటు పనుంది."

"కుదరదండీ. వెనక ట్రైలరుంది, వంతెన మీద వెనక్కి తీస్తే అడ్డం తిరుగుతుంది. మీరే వెనక్కి తీసుకోండి."

"నేనెవరో తెలుసా?"

"తెలియదండీ. తెలిసినా ట్రైలరు వెనక్కి రాదు."

మస్తాన్ గారు ఇంజను ఆపేశారు. వదిన లారీ దిగి, జీపు బంపరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, పులిహోర పొట్లం విప్పింది. కాసేపటికి బస్సులోని ఆడవాళ్ళే అరవడం మొదలుపెట్టారు, "జీపు తియ్యవయ్యా, మాకు పనుల్లేవా!" ముందు బస్సు వెనక్కి వెళ్ళింది. జీపూ వెళ్ళక తప్పలేదు.

అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సముద్రం పోటు మీద ఉంది. ఒడ్డున బురదలో తాటి దుంగలు పరిచి, మస్తాన్ గారు ట్రైలరును అంగుళం అంగుళంగా వెనక్కి దించారు. చక్రాలు మునిగాయి. పల్లె పల్లెంతా తాళ్ళు పట్టుకుంది. ఒక కుదుపుతో బోటు దిమ్మల మీద నుంచి లేచి నీళ్ళ మీద ఊగింది. వదిన చీర తడుస్తున్నా లెక్కచేయక మోకాళ్ళ లోతులోకి వెళ్ళి, బోటు పక్కన అరచెయ్యి ఆనించి నిలబడింది.

మరో పది రోజులకు గేరుబాక్సు బిగించి మొదటి సరుకు వేశాం. ఆ వారమే వ్యాపారి తను కొనే ధర పెంచాడు, వేళకి రావడమూ నేర్చుకున్నాడు. మమ్మల్ని దివాలా తీయించడానికే అలా చేశాడని అందరూ అన్నారు. చేసుకోనీ. పల్లెవాళ్ళకి మంచి ధర వచ్చింది కదా, మేం కోరుకున్నదీ అదే. కాదన్నవాళ్ళ మీద కోపంతోనే మేం ఆ రోజు బయల్దేరాం, నిజమే. కానీ బోటును ఒడ్డు చేర్చింది కోపం కాదు. చవకబేరాన్ని రెండుసార్లు వద్దనగలగడం.

మీరూ ఇలాంటి బరువుతో బయల్దేరితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మొదటి నాలుగైదు కిలోమీటర్లకే బండి ఆపి, తాళ్ళు మళ్ళీ బిగించి, ట్రైలరు ప్రతి చక్రం మధ్యభాగం దగ్గర జాగ్రత్తగా చెయ్యి పెట్టి చూడండి. ఏదైనా కాలుతుంటే బ్రేకో బేరింగో పట్టేస్తోందన్నమాట; ఎవరు ఎంత తొందరపెట్టినా, కదలకండి.