ఎగురుతున్న పాలపిట్ట

ఈ దసరాకి మన కాలనీ గ్రూపులో ఎవరో పాలపిట్ట ఫోటో పెట్టారు. రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పండగనాడు ఆ పిట్టను చూడందే మన ఇళ్ళలో అన్నం వడ్డించేవారు కాదు.

మా నాన్న రీలు కెమెరా పట్టుకుని అన్ని కాలాల్లోనూ మమ్మల్ని ధర్సీవా పొలాలకు తీసుకువెళ్ళేవాడు. వానల్లో కొంగలు, చలిలో బాతులు దొరికాయి. రెక్కలు విప్పిన పాలపిట్ట మాత్రం ఎన్నాళ్ళకూ దొరకలేదు. ఒక దసరానాడు పొలం గట్టు మీద ఒకతను, కాలికి దారం కట్టిన పాలపిట్టను చూపించి డబ్బులు అడుగుతున్నాడు.

"దారం విప్పి పైకి విసురు," అన్నాడు నాన్న హిందీలో.

"నహీ ఉడేగా సాబ్. భూఖా రఖా హై," అన్నాడతను. అది ఎగరదట, పెనుగులాడకుండా ఉండాలని దానికి తిండి పెట్టలేదట.

"ఏటండీ, పండగపూట! ఒగ్గేయండి," అంది అమ్మ.

"నువ్వు పక్కకి జరుగు. నీడ పడతంది."

అతను దారం విప్పి విసిరాడు. మొదటిసారి కెమెరాకు అందలేదు. రెండోసారి పిట్ట రెక్కలు విప్పలేదు. మూడోసారి విప్పింది. లోపలి నీలమంతా కనిపించింది. నాన్న నొక్కాడు. అది మట్టిలో పడి మళ్ళీ లేవలేదు.

"దర్శనం అయిపోనాది, పదండి," అన్నాడు నాన్న. ఇంటికెళ్ళి భోజనాలు చేశాం.

ఆ ఫోటోను పెద్దది చేయించి ముందుగదిలో పెట్టాడు. వచ్చినవాళ్ళంతా "ఎంత బాగా ఎగురుతోందండీ!" అనేవారు.

"చాలా ఓపిక పట్టాలి," అనేవాడు నాన్న.