దీక్ష విరమించిన ఎలుకలు

అరవై తొమ్మిదిలో ఊరంతా నిరాహార దీక్షలు. నా గదిలో ఎలుకలు కూడా చేశాయి. కాకపోతే వాటికి డిమాండ్లు లేవు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో యూనివర్సిటీ మూతపడింది. నాతో కలిసి పరిశోధన చేస్తున్న గుంటూరు అమ్మాయిని వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లిపోయాడు. పోతూ ఆమె ఎలుకల బోన్లు నాకు అప్పగించింది. "ఫలితం వస్తే రాయండి, అక్కడే థీసిస్ పూర్తిచేసుకుంటాను. రాకపోతే నేను మళ్లీ రావాల్సిందే," అంది. రైలు కదలకముందే ఫలితం రాకూడదని కోరుకున్నాను. సైన్సుకు నా సేవ అలా మొదలైంది.

మేం చూస్తున్నది ఒంట్లో చక్కెరను వాడకంలోకి తెచ్చే ఎంజైమును. అందులో కొన్ని రకాలున్నాయి. కాలేయంలో రకం ఇన్సులిన్ చెప్పినట్టు వింటుంది: పస్తుంటే ఇన్సులిన్‌తో పాటు తగ్గిపోతుంది, తింటే తిరిగొస్తుంది. మెదడులో రకం మాత్రం ఎంత పస్తున్నా తగ్గదు. నా మెదడూ అంతేనని తలచుకుని ఒక సాయంత్రం సరూర్‌నగర్ చెరువుగట్టున కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుందామనుకున్నాను గానీ, దోమలు కూర్చోనివ్వలేదు.

ప్రొఫెసరు ల్యాబ్ తెరిపిస్తానన్నాక, దిల్‌సుఖ్‌నగర్‌లో నా కిరాయి గదిలోనే ఎలుకలను పస్తు పెట్టాను. తీసుకెళ్లి పరీక్షిస్తే కాలేయంలో ఎంజైము నిండుగా ఉంది. ఇంటి ఓనరమ్మను అడిగితే నిమ్మళంగా చెప్పింది.

"దీక్షకు కూసున్నోళ్లకు పొద్దూకంగ నిమ్మకాయ షర్బతు తాపుతుండ్రు గద బిడ్డా. గీ ఎలుకలేం పాపం జేసినయ్? నువ్వు బయటికి పోంగనే నేనే తాపిన. జర చక్కెర ఎక్కువేసిన."

పైకి కోపం నటించి, నేనూ ఓ గ్లాసు తాగి, ప్రయోగం చెడింది, రావాలి అని ఉత్తరం రాశాను. ఆ తర్వాత బస్టాపులో ఎక్కాల్సిన బస్సులు వదిలేసి, దిగేవాళ్లను చూస్తూ నిలబడటం అలవాటైంది.

జవాబు వచ్చింది. వాళ్ల నాన్న అక్కడి కాలేజీలోనే ఎలుకలు చూసిపెట్టాడట. అవి బుద్ధిగా పస్తున్నాయి, కాలేయంలో ఎంజైము పడిపోయింది, ఇక రావలసిన పని లేదు. అంత పెద్ద గుంటూరులో ఎలుకకు షర్బతు పోసే మనిషే లేకపోయిందా అనుకున్నాను.

తిరుగు టపాలో ఒక్కటే అడిగాను, మెదడు కూడా చూశారా అని.

చూసిందట. తగ్గలేదని కార్డు రాసింది. ఎలుకలదే.

ఆ సాయంత్రం ఓనరమ్మ షర్బతు తెచ్చిస్తే, వద్దన్నాను.