పదకొండో మంచం అటెండెంటు

1974 జూన్ మొదటి వారంలో విజయవాడలోని ఒక మిషను ఆసుపత్రిలో నన్ను ఆడవాళ్ల సర్జికల్ వార్డుకు హెడ్ ఆయాగా వేశారు. ఆసుపత్రి పేరు చెప్పను. అప్పటికి పదహారేళ్లుగా అక్కడే ఆయాగా చేస్తున్నాను. చదివింది మూడో తరగతి. సంతకం పెట్టడం, మంచం నంబర్లు, పేషెంట్ల పేర్లు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఆ ఉద్యోగానికి అంతకన్నా అక్కర్లేదు.

మనవరాలు నర్సింగు చదువుతోంది. ఆయాల పని గురించి పుస్తకాల్లో ఎక్కడా లేదంది, అందుకని తనతోనే చెప్పి రాయిస్తున్నాను. వార్డుల పనిలో అందరికన్నా పైన నర్సింగ్ సూపరింటెండెంటు. ఆవిడ కింద వార్డు సిస్టరు, తరవాత స్టాఫ్ నర్సులు, నేర్చుకునే పిల్లలు. ఆ తరవాత మేము. హెడ్ ఆయాకు నీలం అంచు చీర, దుప్పట్ల బీరువా తాళం చెవి, ఇంకొక అధికారం ఉండేవి. పొద్దున ఏడింటికి, డాక్టరు గారు రౌండుకు రాకముందే, ప్రతి మంచం దగ్గరా అటెండెంటు పాసు చూసి, పాసు లేనివాళ్లను బయటికి పంపాలి. మంచానికి ఒకటే పాసు. అది రక్తసంబంధీకులకే. అట్టముక్క మీద పేషెంటు పేరు, అటెండెంటు పేరు, సంబంధం రాసి ఉండేవి.

నా చేతి కింద దేన్నీ వృథా పోనిచ్చేదాన్ని కాదు. అరిగిపోయిన సబ్బు ముక్కల్ని ఉడకబెట్టి నేల తుడవడానికి వాడించేదాన్ని. చిరిగిన దుప్పట్లు పేషెంటు నడుం కింద అడ్డంగా పరిచే డ్రాషీట్లయ్యేవి, డ్రాషీట్లు చిరిగితే గుడ్డపీలికలయ్యేవి. అయితే నా గర్వం అందులో లేదు. బెడ్‌సోర్లలో ఉంది. రోజుల తరబడి కదలకుండా పడుకున్నవాళ్లకు వీపు కింద, తోకఎముక దగ్గర చర్మం కమిలి పుండు పడుతుంది. ఒకసారి పడితే మానడం కష్టం. నాలుగు గంటలకోసారి మనిషిని ఎత్తి, తుడిచి, స్పిరిటు రుద్ది, ఆరాక పౌడరు వేయాలి. పదహారేళ్లలో నా చేతి మీద ఒక్క పుండు కూడా పడలేదు.

ఆ నెలాఖరున పదకొండో మంచానికి సుగుణ టీచరు వచ్చింది. ఉయ్యూరులో ప్రైమరీ స్కూల్లో చేసేది. ముప్పై అయిదేళ్లుంటాయి. వానలో బస్సు దిగుతూ జారిపడి తొడఎముక విరగ్గొట్టుకుంది. మోకాలి కింద ఎముకలోంచి పిన్ను వేసి, దానికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువులు వేలాడదీశారు. దీన్ని ట్రాక్షన్ అంటారు. పది పన్నెండు వారాలు వెల్లకిలా పడుకోవాలి, పక్కకు తిరగకూడదు. బెడ్‌సోరు రావడానికి అంతకన్నా అనువైన కేసు ఉండదు.

ఆమె వెంట మార్తమ్మ అనే మనిషి వచ్చింది. సన్నగా, నల్లగా, గట్టిగా ఉండేది. ఉయ్యూరులో జాకెట్లు కుట్టుకుని బతికేది. పాసు మీద “చెల్లెలు” అని ఉంది. మూడు రోజుల్లో వీపు తుడిచే పనంతా చూసి నేర్చేసుకుంది. ఎడమ చెయ్యి టీచరు నడుం కిందికి పోనిచ్చి, “ఊపిరి పట్టు” అని ఒక్కసారి లేపేది, కుడిచేత్తో తుడిచేసేది. మా ఆయాలు ఇద్దరు కలిసి చేసే పని అది. స్పిరిటు ఎక్కువ పోస్తోందని నేను కసిరితే మర్నాడు సొంత సీసా కొనుక్కుని తెచ్చింది. అది ఇంకా మండింది నాకు.

వాళ్లిద్దరి మాటలు వార్డంతా వినేది.

“ఈ జావలో ఉప్పు వేశావా, సముద్రాన్ని వేశావా?” అనేది టీచరు.

“బందరు దగ్గరే కదా, నీ కోసమని తెప్పించాను. నోరు మూసుకుని తాగు.”

“నోరు మూసుకుని ఎలా తాగుతారే?”

“బళ్లో పిల్లలకి చెప్తావుగా, ఆలోచించు.”

పక్క మంచాలవాళ్లు నవ్వేవాళ్లు. నాకు నవ్వు రాలేదు. చేపలో ముళ్లు ఒక్కొక్కటే ఏరి పెట్టడం, జుట్టు చిక్కు తీసి రెండు జడలు వేయడం, మధ్యాహ్నం ఆమె నిద్రపోతే పక్కన కూర్చుని ఈగలు తోలుతూ కాజాలు కుట్టడం, ఇవన్నీ చూస్తుంటే నా లోపల ఏదో గీరుకుపోయేది. అంతకు రెండేళ్ల ముందు నాకు అదే వార్డులో గర్భసంచి తీశారు. తొమ్మిది రోజులు పడుకున్నాను. నాతో పనిచేసే ఆయాలే ఇన్ని నీళ్లిచ్చారు. మా ఆయన రైల్వేలో గ్యాంగు పనిచేసేవాడు. ఎనిమిదో రోజున వచ్చి, మంచం పక్కన నిలబడి, “ఏమే, ట్రంకుపెట్టె తాళం ఎక్కడ పెట్టావ్?” అని అడిగి, చెప్పాక వెళ్లిపోయాడు. నలుగురు పిల్లల్ని కన్న మనిషిని నేను. పెళ్లే లేని ఈ టీచరుకు ఈ సేవ ఎక్కడిదని ప్రతిపూటా అనుకునేదాన్ని.

దాని మీద ఇంకొకటి. మూడో వారంలో సూపరింటెండెంటు సలోమి సిస్టరు గారు రౌండుకొచ్చి, టీచరు వీపు చూసి, ఆయాలందర్నీ పిలిచారు. “ఇదీ బ్యాక్ కేర్ అంటే. చూసి నేర్చుకోండి” అన్నారు. మార్తమ్మను చూపిస్తూ అన్నారు. పదహారేళ్లలో ఆవిడ నన్ను అలా ఎవరికీ చూపించలేదు.

ఆ వారమే చల్లపల్లి నుంచి టీచరు అన్న యేసురత్నం గారు వచ్చాడు. అక్కడి చర్చిలో సంఘ పెద్ద. చెల్లెలితో రెండు మాటలు మాట్లాడి, మార్తమ్మ వైపు చూడకుండానే వరండాలోకి వచ్చాడు. నేను వెనకాలే వెళ్లి వందనాలు చెప్పి, “మీ చిన్నచెల్లెలు బాగా చూసుకుంటోందండి” అన్నాను. కావాలనే అన్నాను. అప్పటికే నాకు అనుమానం ఉంది.

“చిన్నచెల్లెలేంటమ్మా? నాకున్నది ఒకతే, ఆ మంచం మీదది” అన్నాడు.

తరవాత అంతా చెప్పాడు. తొమ్మిదేళ్లుగా ఆ ఇద్దరిదీ ఒకే ఇల్లు. అంతకుముందు సుగుణకు ఆయన సంబంధం కుదిర్చాడు. మా సంఘాల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుళ్లో ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పొచ్చు. రెండో ప్రకటన చదువుతుంటే పెళ్లికూతురే లేచి నిలబడి, “నాకే అభ్యంతరం ఉందండి” అంది. ఆ సాయంత్రమే పెట్టె పట్టుకుని ఉయ్యూరు వెళ్లి మార్తమ్మ ఇంట్లో దిగింది. కారణం తెలిశాక అక్కడి సంఘం ఇద్దర్నీ ప్రభువు బల్లకు, అంటే గుళ్లో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసాలకు, దూరం పెట్టింది. అయినా ప్రతి ఆదివారం వచ్చి వెనక చాప మీద కూర్చుంటారట.

“ఇద్దరు ఆడవాళ్లు మొగుడూ పెళ్లాల్లాగా! మా ఇంటి పరువు కాలవలో కలిపింది. ఆ రెండోదాన్ని ఇక్కడ ఉండనివ్వకండి” అన్నాడాయన.

ఇప్పుడు పేపర్లలో, టీవీలో ఇలాంటివాళ్లకు పేర్లున్నాయి, హక్కులంటున్నారు, గుళ్లలో కూడా దీని మీద వాదించుకుంటున్నారు. అప్పుడు మా దగ్గర పేరు కూడా లేదు. గొంతు తగ్గించి చెప్పుకోవడమే. నేను ఊరుకుంటే ఊరుకోవచ్చు. పాసు మీద అబద్ధం రాయించినవాళ్లు వార్డులో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు, మేనత్తను అమ్మ అన్నవాళ్లున్నారు, వాళ్ల జోలికి నేను పోలేదు. మార్తమ్మ విషయం మాత్రం నేరుగా సలోమి సిస్టరు గారి గదికి మోసుకెళ్లాను. ఆసుపత్రి పాస్టరు అయ్యగారు కూడా అక్కడే ఉన్నారు. పాసు సంగతి చెప్పి ఆగలేదు. దేవుడి ఆసుపత్రిలో ఇలాంటిది జరగనివ్వకూడదని, బైబిలు వాక్యం ఒప్పుకోదని చెప్పాను.

అయ్యగారు కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. “వాక్యం సంగతి వాళ్లతో నేను మాట్లాడతానమ్మా. ఆ పిల్ల అక్కడ చేస్తున్నది వీపు తుడవడమే కదా” అన్నారు.

“వీపు తుడవడానికి మేం లేమాండీ?” అన్నాను.

సలోమి సిస్టరు గారికి ఆ మాట నచ్చలేదని మొహంలో తెలిసింది. కానీ పాసు అబద్ధం, అన్నగారు వద్దంటున్నాడు. రూలు రూలే. మర్నాడు పొద్దున పాసు తీసుకున్నాను. విజిటింగు టైములో కూడా రానివ్వొద్దని అన్నగారు గేటులో చెప్పి, కాలవకు నీళ్లొదిలారు, నాట్లున్నాయంటూ ఆ పొద్దుటి బస్సుకే చల్లపల్లి వెళ్లిపోయాడు. ఇంట్లోంచి ఇంకెవర్నీ పంపలేదు.

మార్తమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. సంచీ సర్దుకుని నా దగ్గరికి వచ్చింది.

“ఆయమ్మగారూ, తోకఎముక దగ్గర కుడిపక్కన కాస్త ఎర్రబడింది. అక్కడ రుద్దొద్దు, చుట్టూ రుద్దండి. ఎత్తేముందు ఊపిరి పట్టమనండి. నొప్పైనా ఆవిడ చెప్పదు.”

“నువ్వు నాకు నేర్పక్కర్లేదు, పో” అన్నాను.

ఆ వారం వార్డులో ముప్పై మంచాలూ నిండి, వరండాలో చాపలు వేశాం. ఆయాలం ముగ్గురం. నాలుగు గంటలకోసారి జరగాల్సింది ఆరు గంటలకైంది, ఎనిమిదికైంది. పదకొండో మంచం వంతు వచ్చేసరికి నేనే ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని, ఆ మంచం వైపు పోబుద్ధయ్యేది కాదు. టీచరు ఒక్కసారీ పిలవలేదు. జావ సగం వదిలేసేది. “ఉప్పు సరిపోయిందామ్మా?” అని ఆయా అడిగితే, “సరిపోయిందండి” అనేది. గేటుకెదురుగా టీ కొట్టు బల్ల మీద మార్తమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని కాజాలు కుట్టుకుంటోందని వాచ్‌మన్ చెప్పాడు. ఆ మాటకూ నాకు కుళ్లే. నా కోసం ఎవరు కూర్చున్నారు అలా?

ఆరో రోజు పొద్దున నేనే వెళ్లి ఎత్తి చూశాను. తోకఎముకకు కుడిపక్కన, ఆమె చెప్పిన చోటే, రూపాయి బిళ్లంత చర్మం లేచిపోయి ఉంది. డ్రాషీటుకు తడి అంటింది.

“ఎన్నాళ్లనుంచి మండుతోంది?” అన్నాను.

“మూడు రోజులండి.”

“చెప్పొచ్చు కదా?”

“ఎవరికండి?” అంది. నా మొహంలోకి చూసి అంది.

బెడ్‌సోరు పడితే హెడ్ ఆయా గంటలోపు సూపరింటెండెంటుకు తెలియజేయాలి. దాచినా, ఒక ఆయా మీదికి తోసినా జరిగిపోయేదే, అలా చేసినవాళ్లను చూశాను. నేను వెళ్లి చెప్పాను. సలోమి సిస్టరు గారు వచ్చి చూశారు. “వీపు తుడవడానికి మేం లేమా అన్నావ్” అన్నారు, అంతే.

“తప్పు నాదేనండి. ఆ పిల్లను రానివ్వండి” అన్నాను.

“ఏ సంబంధం రాయమంటావ్? అన్నగారు వద్దన్నాడు.”

“ఆయన ఏడీ? పేషెంటు మైనరు కాదు కదండీ, ఆవిడనే అడగండి.”

దిక్కులేని పేషెంట్లకు ఒక పద్ధతి ఉండేది. సంబంధీకులు కాని మనిషిని అటెండెంటుగా పెట్టుకోవాలంటే పేషెంటు ఒప్పుకోవాలి, వార్డు సిబ్బందిలో ఒకరు పూచీ సంతకం పెట్టాలి. ఆ అటెండెంటు వల్ల ఏం జరిగినా సంతకం పెట్టినవాళ్లే జవాబుదారీ, ఉద్యోగం దాకా రావచ్చు. నా పదహారేళ్లలో అలా సంతకం పెట్టిన ఆయా లేదు. సిస్టరు గారు కాగితం నా ముందు పెట్టారు. సంబంధం దగ్గర ఏం రాయాలని మళ్లీ అడిగారు. “కలిసి ఉంటారు అని రాయండి” అన్నాను. అలాగే రాశారు. కింద నా పేరు రాశాను.

గేటు దాటి నేనే వెళ్లాను. మార్తమ్మ నన్ను చూసి లేచింది. పాసు చూపించబోతుంటే దాని వైపు చూడలేదు.

“వీపెలా ఉంది?” అంది.

“పుండు పడింది.”

సూదీ గుడ్డా బల్ల మీదే వదిలేసి రోడ్డు దాటి పరిగెత్తింది. వాచ్‌మన్ ఆపితే వెనక నుంచి నేను చెయ్యి ఊపాను. ఆ గుడ్డ మడిచి నేనే తెచ్చాను. సంతకం పెట్టాక కూడా నా కుళ్లు పోలేదు. అలా పరిగెత్తి వచ్చేవాళ్లు ఒకరుంటే ఎలా ఉంటుందో తెలియకుండానే నేను ముసలిదాన్నయ్యాను.

పుండు మానడానికి అయిదు వారాలు పట్టింది. కాలు అతుక్కున్నాక సెప్టెంబరు చివర్లో టీచరు చంకకర్రలతో ఇంటికెళ్లింది. చల్లపల్లి అన్నగారు మా సంఘానికి ఉత్తరం రాశాడు. పెద్దలు నన్ను పిలిచి, అలాంటివాళ్లకు పూచీ ఎందుకు పడ్డావని అడిగారు. నేను పూచీ పడింది వీపు తుడవడానికని చెప్పాను. వాళ్లకు సరిపోలేదు. మూడు నెలలు స్త్రీల సమాజంలో ప్రార్థన చేయనివ్వలేదు. వెనక చాప మీద కూర్చున్నాను.

ఆ ఇద్దరి కాపురం దేవుడి ముందు ఏమవుతుందో తేల్చే చదువు నాకు లేదు. తేల్చానని ఇప్పటికీ చెప్పను. నాకు తెలిసింది నా పని వరకే. ఆ రోజు సిస్టరు గారి గదిలో నేను వాక్యం ఎత్తింది కడుపు మండాక. ముందు మంట, తరవాత వాక్యం. ఆ వరస నాకు ఒక పేషెంటు చర్మం ఖర్చయ్యాక గాని తెలియలేదు.

తరవాత పద్నాలుగేళ్లు హెడ్ ఆయాగా చేశాను. ఫలానా పేషెంటు నడత మంచిది కాదనో, ఫలానా అటెండెంటు ఫలానారకమనో ఏ ఆయా ఫిర్యాదు తెచ్చినా, ముందు ఆ మంచం దగ్గరికెళ్లి వీపు తుడిచి రమ్మనేదాన్ని, ఆ తరవాత వింటాననేదాన్ని. చాలామంది తుడిచాక మళ్లీ నా దగ్గరికి రాలేదు. వచ్చినవాళ్ల ఫిర్యాదులు విన్నాను. వాటిలో కొన్ని నిజమైనవే.