దేవదానం వ్యాను లైట్లు

దగ్గరికి జరిగి కూర్చోండి. చాప పరిచే ఉంది. వెలుతురు గురించి చెబుతాను, అది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు.

ఉప్పల్ రోడ్డు నడుమ మెట్రో స్తంభాలు లేస్తున్న ఏడాది, నాచారంలోని ఒక హెడ్‌లైట్ల కంపెనీలో నన్ను బిగింపు పని నుంచి చీకటి గదికి మార్చారు. అయిదో తరగతితో చదువు ఆపినదాన్ని. అయినా తనిఖీ ఆపరేటరని బ్యాడ్జీ ఇచ్చారు. నా పైన లైన్ సూపర్‌వైజరు, ఆయన పైన క్వాలిటీ ఇంజనీరు.

ఆ గదికి గోడలూ కప్పూ నలుపు, ఎదురుగా ఒక్క తెల్ల తెర. లోపలికి వెళ్లగానే లైటు వెలిగించకూడదు. కళ్లు చీకటికి కుదురుకునే దాకా ఊరికే కూర్చోవాలి. అది అక్కడి కట్టుబాటు. కూర్చోగా కూర్చోగా గోడలు కరిగిపోయేవి, నీళ్ల మీద తేలుతున్నట్టుండేది. అప్పుడు లో బీమ్, అంటే కిందికి వాలే వెలుగు, వెలిగిస్తే తెర మీద తెల్లవారేది. పైన చీకటి, కింద వెలుగు, నడుమ కోసినట్టు ఒక గీత. దాన్ని కటాఫ్ అంటారు. ఎదుటి డ్రైవరు కళ్లు ఆ గీతకు పైన ఉంటాయి. ఎడమ పక్కన మాత్రం అది కాస్త పైకి లేస్తుంది, రోడ్డు అంచున నడిచేవాళ్లు కనబడాలని.

నేను పనిలోంచి దిగిపోయే ముందు ఏడాది సంగతి ఇది. మా మరిది దేవదానం చెంగిచెర్ల నుంచి నాచారానికి ఆడవాళ్లను పనికి చేరవేసే వ్యాను నడిపేవాడు. ఫిట్‌నెస్ పరీక్షలో లైట్ల దగ్గర బండి ఫెయిలైంది. బండితో వచ్చిన హాలోజెన్ బల్బులు తీసి, తెల్లగా మండే ఎల్‌ఈడీలు అంతకు ముందే పెట్టి ఉన్నాడు. ఒక రకం బల్బు కోసం చేసిన రిఫ్లెక్టరు గిన్నెలో వేరే రకం పెడితే వెలుగు గీత దాటి చెదురుతుంది. అది చట్టానికీ ఒప్పదు, ఎదుటివాడి కంటికీ ఒప్పదు.

"పాత బల్బులు పెడ్తే పాసైతది గదా, ఏంది నీ బాధ?" అంది అతని భార్య సరోజ.

"వాటితోని తొవ్వ కనవడ్తలేదే. గుంతల ఏస్తే మల్ల నువ్వే తిడ్తవ్."

"నీ కొత్త లైట్లకు మొన్న ఆటోఆయన నీ ఏడు తరాలను యాది జేసుకుండు!"

అందరం నవ్వాం. అతను నవ్వలేదు. తరువాత నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు. "వదినా, తప్పు లైట్లదా, నాదా? నాదైతే స్టీరింగ్ ఇడిసిపెట్టాలె. నాకు ఇంకో పని రాదు."

ఆదివారం పొద్దు వాలే వేళ చర్చి వెనుక చదును నేల మీద, సున్నం వేసిన ప్రహరీకి ఎదురుగా వ్యాను నిలబెట్టించాను. బండి కంపెనీ చెప్పిన వాటేజీ బల్బులే మళ్లీ పెట్టించాను. లైట్ల పైఅద్దాలు అప్పటికే పలచని టీ రంగుకు తిరిగి ఉన్నాయి. వాటర్ పేపరుతో, అదే తడిపి వాడే సన్న గరుకు కాగితంతో, రుద్ది మెరుగు పెడితే తేటపడ్డాయి. టైర్లలో గాలి సమంగా ఉందో లేదో చూసి, అతన్ని సీట్లో కూర్చోబెట్టి, గోడ మీద లైట్ల ఎత్తున సుద్దగుర్తు పెట్టి, లైటు వెనుక మర తిప్పి గీతను దానికి కొంచెం కిందికి దించాను.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. వెనుక మనుషులు ఎక్కితే బండి ముక్కు లేస్తుంది, గీతా లేస్తుంది. అందుకని చర్చి పాటల బృందంలోని ఆడవాళ్లను ఎక్కించి, డాష్‌బోర్డు మీది చిన్న చక్రం ఎంత తిప్పితే గీత మళ్లీ దిగుతుందో అతనికి చూపించాను.

అప్పుడు లైట్లు ఆర్పించాను. చీకటి గదిలోలాగే అందరం ఊరికే కూర్చున్నాం. వెనుక ఎవరో పాట కూనిరాగం తీస్తున్నారు. ఆకాశం నీలం నుంచి బూడిదకు మారింది. ప్రహరీ ఉందో లేదో తెలియకుండా పోయింది.

"ఇగ వెయ్యి" అన్నాను. గోడ తెల్లవారింది.

"ఏం కనవడ్తుంది?"

"గీతలు, వదినా."

"ఎన్ని?"

"రెండు. ఒకదాని మీద ఒకటి. అంచులకు దూది అంటినట్టున్నది."

పాట ఆగిపోయింది. గోడ మీద ఒక్కటే గీత ఉంది.

అతను తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. సరోజ కిందికి దిగి, "కన్ను మసకైందని చెప్పనీకి నామోషీ, బల్బులు మార్చనీకి మాత్రం హుషారు" అని తిడుతూనే అతని చేయి పట్టుకుంది.

పరీక్షకు వ్యానును వేరే డ్రైవరు తీసుకెళ్లాడు, లైట్లు పాసయ్యాయి. దేవదానాన్ని హబ్సిగూడలో కంటి దవాఖానాకు తీసుకెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒకదాని తరువాత ఒకటి తీశారు. డాక్టరు సరేననే దాకా అతను తన వ్యానులోనే వెనుక సీట్లో, ఆడవాళ్ల మధ్య కూర్చుని తిరిగాడు. తరువాత అదే బల్బులతో మళ్లీ నడిపాడు.

వెలుతురు చాలడం లేదంటే ముందు లైటు పైఅద్దం చూడాలి, తరువాత గీత ఎక్కడుందో చూడాలి, ఆ పైన చూసే కన్నును అడగాలి. బల్బు సంగతి అన్నిటికన్నా చివర.

మీ ఇంటివాళ్లు ఏ తొవ్వన పోయినా, ఆ తొవ్వ తేటగా కనబడుగాక. ఎదురొచ్చేవాళ్లు వాళ్లను తిట్టుకోకుందురు గాక. మీ గడప చల్లగా ఉండాలి.