ఫోటో తీసినోడి మీద బెంగ

నసీరుద్దీన్ మామూకి ఏ ఫోటో చూపించినా అందులోవాళ్లు కనపడరు. తీసినవాడి మీదే ఆయన బెంగంతా. గల్ఫ్‌లో, నిజ్వా ఊళ్లో కంపెనీ రూమ్‌కి వంట చేసే మనిషికి ఇదేం దిగులో అదే రూమ్‌లో ఉండే అఖీల్‌కి అంతుపట్టేది కాదు. ఊరి నుంచి పెళ్లి ఫోటోలొస్తే పెళ్లికూతుర్ని వదిలేసి, "పాపం, తీసినోడు అన్నం తిన్న్యాడా?" అనేవాడు. క్యాలెండర్లో మంచుకొండల్ని చూసి, "అంత చలిలో వానికి చాయ్ ఎవురిచ్చినారో!" అని ఆ పూటంతా కలవరించాడు. పాస్‌పోర్ట్ ఫోటోకి వెళ్లి, స్టూడియో అతనికి ఖర్జూరాలు తినిపించి, తను ఫోటో దిగడం మరిచి వచ్చిన ఘనుడు.

ఆ ఏడాది రూమ్‌కి, నెట్‌లో ఒకరి ఫోటోలు ఒకరు చూసుకునే ఆర్కుట్ పిచ్చి పట్టింది. అఖీల్ డ్యూటీ దిగగానే నెట్ సెంటర్‌కి పోయి, ప్రొద్దుటూరులో తనతో చదివిన రియాజ్ ఫోటోలే చూసేవాడు. రియాజ్‌ది అదే దేశంలో, దూరాన రైసూత్ పోర్టులో పని. తెల్ల కారు, వెనక నీలంగా సముద్రం. చూస్తుంటే అఖీల్‌కి తన ఒంటి మీది సిమెంటు దుమ్ము రెట్టింపయినట్టుండేది. ఊరి పాత కోట బురుజు మీది ఎండ మెల్లగా తోటల్లోకి దిగుతుంటే, ఆ దారినే కలలో నడిచినట్టు రూమ్‌కి వచ్చేవాడు. కళ్లముందు ఆ కారే తేలేది. తిండి తగ్గింది. ఇంటికి ఫోన్ చేయడం మానేశాడు. తనదీ ఒక బతుకేనా అనిపించేది.

చూసి చూసి మామూ ఒక సాయంత్రం నెట్ సెంటర్‌కి వెంటపడి వచ్చాడు.

"చూడు మామూ, వాడు యాడుండాడో, నేను యాడుండానో," అన్నాడు అఖీల్, తెర మీది ఫోటో చూపిస్తూ.

మామూ ఆ సముద్రపు గాలి తనకే తగులుతున్నట్టు కళ్లు సగం మూశాడు. "బాగుంది బేటా. తీసిందెవురు?"

"నాకేం తెల్సు?"

"అడుగు."

"ఇదేం పిచ్చి మామూ!"

"అడుగు రా. తిన్న్యాడో లేదో."

విసుక్కుంటూనే అఖీల్ రాశాడు. మర్నాడు రియాజ్ జవాబు వచ్చింది: "ఎవరూ తీయలేదు రా. కారు మేనేజర్‌ది. కెమెరా డ్రమ్ము మీద పెట్టి, టైమర్ నొక్కి, ఉరికొచ్చి నిలబడినా. ఈడ నాకెవరుండారు?"

అఖీల్ చదివి వినిపించగానే మామూ ముఖం వాడిపోయింది. "అయితే వాడు ఒక్కడే కూచోని తింటాండాడు. శుక్రవారం జుమ్మాకి ఈడికి రమ్మను," అన్నాడు.

పొడుగాటి బస్సు ప్రయాణం చేసి రియాజ్ వచ్చాడు. గది నడుమ పెద్ద పళ్లెం, చుట్టూ అందరూ. రియాజ్ ముద్ద చేతిలో పట్టుకునే ఉండిపోయాడు.

"మీరిట్లా ఒకే పళ్లెంలో తినే ఫోటో పెట్టినావు గదా అఖీల్, అది చూసి ఎన్నిమార్లు కుళ్లుకున్న్యానో. ఏడ్చినా గూడా."

అఖీల్ తెల్లబోయాడు. సిగ్గేసి తీసేద్దామనుకున్న ఫోటో అది. ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఇద్దరూ పడీపడీ నవ్వారు. మామూది పిచ్చి కాదని, బొమ్మలో చోటు దొరకని మనిషిని ముందు వెతికే మనసని అఖీల్‌కి అప్పుడు తెలిసింది.

ఆ మామూ ఇంకా గరిటె పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఇద్దరూ చెరో చెయ్యి పట్టి లాగి మధ్యలో కూర్చోబెట్టారు.

"పొయ్యి మీద దాల్చా మాడుతాది, వదలండ్రా!"

"మాడనీ మామూ," అన్నాడు అఖీల్, ఆయన నోట్లో ముద్ద పెడుతూ.