తాడు బిగించమన్నది ఎవరు?

మా నాన్న రామచంద్రపురం చుట్టుపక్కల తోటల్లో చెట్లెక్కి కాయలు కోసే పని, కొబ్బరి దింపు తీస్తారు. తాడు పట్టకుండా ఆయనకి రోజు గడవదు. అలాంటి మనిషిని తాడు కట్టడం రానివాడన్నారు. అదీ మా చర్చి ముందు, నలుగురిలో. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు నేను ఇంటర్ మొదటి ఏడు. క్రిస్మస్‌కి చర్చి గోపురం నుంచి ఎదుటి కొబ్బరిచెట్టుకి తాడు కట్టి, మధ్యలో ఇనుప చట్రంతో చేసిన పెద్ద నక్షత్రాన్ని వేలాడదీయాలనుకున్నారు. నాన్న ఎక్కి కట్టారు. తాడు మధ్యలో కాస్త కిందికి జారి ఉంది. సంఘపెద్దకి అది నచ్చలేదు.

“ఏంటిది, బట్టలారేసే తాడులాగా? ఫొటోల్లో బాగోదు. తిన్నగా లాగు.”

“తిన్నగా లాగితే తెగుద్దండి. కొంచెం జారు ఉండాలండి,” అన్నారు నాన్న.

“నాకు చెప్తావా?”

పెద్దాయన నలుగురి చేత బిగించి లాగించాడు. అరగంట గడవకముందే తాడు తెగి నక్షత్రం నేలన పడింది. కింద ఎవరూ లేకపోవడం మా అదృష్టం.

“పని చేతకాకపోతే ముందే చెప్పాలి. పాత తాడు కట్టినట్టున్నాడు,” అన్నాడు పెద్దాయన. ఆ తాడు ఆయనే షాపు నుంచి కొత్తగా తెప్పించాడు! నాన్న వంగి నక్షత్రాన్ని లేపి పక్కన పెట్టారు.

నాకు ఆగలేదు. చర్చి పంపు దగ్గరి బకెట్ నీళ్లతో నింపి, తెగిన తాడు ముక్క మధ్యలో కట్టి పెద్దాయన ముందు పెట్టాను.

“మీరొక కొస పట్టుకోండి. ఆ కొస ఇంకెవరికైనా ఇవ్వండి. బకెట్ ఎత్తి, తాడు తిన్నగా అయ్యేదాకా లాగండి చూద్దాం.”

జనం చూస్తున్నారు కాబట్టి ఆయన పట్టుకోక తప్పలేదు. తాడు వంగి ఉన్నంతసేపూ బకెట్ తేలిగ్గానే లేచింది. తిన్నగా లాగబోయేసరికి ఇద్దరి చేతులూ వణికాయి. ఎంత లాగినా మధ్యలో వంపు పోలేదు.

“బకెట్‌ని మోసేది తాడులో పైకి లాగే భాగమేనండి. తాడు అడ్డంగా పడేకొద్దీ ఆ భాగం తగ్గిపోద్ది. అదే బరువు ఆపాలంటే తాడు ఎన్నో రెట్లు బిగుసుకోవాలి. మా నాన్న చెప్పింది అదేనండి.”

ఇలా తాడుకి బరువు వేలాడే బొమ్మే కాలేజీలో బోర్డు మీద గీసి, పరీక్షలో వస్తుంది, ఫార్ములా బట్టీ పట్టండన్నారు మా లెక్చరర్. అది మా నాన్న చేతుల్లో ఉన్న సంగతేనని ఒక్కరూ చెప్పలేదు. నాకు ఆ కోపమూ ఉంది.

పెద్దాయన తాడు వదిలేసి, “సరేలే, చదువుకున్న పిల్లవి,” అన్నాడు. క్షమించమన్న మాట మాత్రం రాలేదు.

“పోనీలే అమ్మా,” అని నాన్న ఇంకో తాడు తీసుకుని మళ్లీ చెట్టెక్కారు. ఈసారి జారుగానే కట్టారు. నక్షత్రం పండగ వెళ్లేదాకా కదల్లేదు.

ఆదివారం ఆరాధనలో పెద్దాయన లైట్లు ఇచ్చినవాళ్లకీ, ఫొటోలు తీసినవాళ్లకీ వందనాలు చెప్పాడు. మా నాన్న పేరు ఎత్తలేదు. నేను అందరి మధ్యలోంచి లేచి బయటికి వచ్చేశాను.